మూతి పొడుగు చేప ముద్ద ముట్టిన రోజు

మాది భీమవరం. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే, మా హాల్లో మాత్రం ఉప్పునీటి అక్వేరియం. పోయిన నెల దాంట్లోకి కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను తెచ్చాను. తెల్లటి ఒంటి మీద నిలువుగా నారింజ పట్టీలు, పైరెక్క వెనకవైపు కన్నులాంటి నల్లచుక్క, పటకారులా సాగిన మూతి. అమ్మినాయన "అన్నీ తింటుందండి" అన్నాడు. నాలుగు రోజులైనా ఏదీ ముట్టలేదు.

రెండేళ్ల కిందట ఇదే రకం చేప నా చేతుల్లో పోయింది. తినట్లేదన్న టెన్షన్‌లో మేత మీద మేత వేశాను. మిగిలిందంతా కుళ్లి అమ్మోనియా పెరిగిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఈసారి రొయ్యల చెరువులు చేసే బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"ఒరేయ్, రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలిపోతే మేం ఏం చేస్తాం? ముందు నీళ్లు చూస్తాం కదా" అన్నాడు.

చూశాను. సెలినిటీ, అంటే ఉప్పదనం 35, అమ్మోనియా సున్నా, వేడి 26 డిగ్రీలు. నీళ్లకేం లేదు. అప్పుడు లైటు తగ్గించి, కుర్చీ వేసుకుని ఓ గంట కూర్చున్నాను. మేత పడగానే క్లౌన్ చేపలు రెండూ ఎగబడుతున్నాయి, ఇది బెదిరి రాయి చాటుకి పోతోంది. చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి నీళ్లలో వేలాడదీసి, దీన్ని అందులోకి మార్చాను.

హేచరీలో పనిచేసే స్నేహితుడు ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి జీవి గుడ్లు కాస్త ఇచ్చాడు. రొయ్య పిల్లలకి పెట్టేవే. ఉప్పునీళ్లలో గాలి కొడుతూ ఉంచితే ఒక రోజుకి పిల్లలవుతాయి. గాలి ఆపి అడుగున టార్చి పెడితే వెలుతురుకి చేరతాయి, పెంకులు పైన తేలిపోతాయి. పిల్లల్ని మాత్రం పీల్చి, మంచినీళ్లతో కడిగి డబ్బాలో వదిలాను. చేప కళ్లు వాటి వెంట తిరిగాయి. రెండు మూడు పొడిచింది, అంతే. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

సముద్రంలో ఇది రాళ్ల సందుల్లో మూతి పెట్టి పురుగుల్ని లాక్కుని తింటుంది. పైనుంచి రాలే గుళికలు దీనికి తిండిలా కనిపించవు. ఆ మాట గుర్తొచ్చి కాకినాడ నుంచి గుల్లలు తెప్పించాను. ఒకదాన్ని సగం విప్పి, రబ్బరు బ్యాండుతో చిన్న రాయికి కట్టి డబ్బాలో దించాను.

చాలాసేపు దూరంగానే ఉంది. తర్వాత పక్కకి తిరిగి ఒక కంటితో చూసింది. వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఒళ్లు కాస్త వాల్చి, మూతి చిప్ప అంచులోకి దూర్చి కండ పీకింది. అద్దానికి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాను. సాయంత్రానికి చిప్ప తెల్లగా మిగిలింది.

వారం రోజులు గుల్లలే పెట్టాను. ఇవాళ పొద్దున ఫ్రోజెన్ మైసిస్ (చిట్టి రొయ్యల్లాంటివి) కరిగించి అదే ఖాళీ చిప్పలో కూరాను. మొదటి రెండూ నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. మూడోది మింగింది.