ఆ మగ్గం రెండో దెబ్బ

మా అమ్మాయి మొదటి ఆల్బమ్ ఈ మార్చిలో బయటికొచ్చింది. తొమ్మిది పాటలు, అన్నీ కలిపి 36 నిమిషాలు. ఏ రకం పాటలని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. ఒకదాంట్లో అన్నమయ్య శృంగార కీర్తనకు జాజ్ పియానో. ఇంకోదాంట్లో గంగజాతరలో వాయించే పంబ అనే డోలు చప్పుడు, దానికింద డ్రమ్ మెషిన్. ఒకటి పూర్తిగా ర్యాప్, సగం తెలుగు సగం ఇంగ్లీషు. ఒకటి మా అమ్మ పాడిన జోలపాట, దాని వెనకాల మరమగ్గం చప్పుడు. ఈ శబ్దాలన్నీ రెండేళ్ళ కిందట తిరుపతికీ, మా పుట్టింటి ఊరు నగరికీ వచ్చినప్పుడు చిన్న రికార్డర్‌లో పట్టుకుపోయినవే. మిగతాదంతా మెల్‌బోర్న్‌లో తన గదిలో, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి చేసుకుంది. పిల్లకు ఇప్పుడు 21 ఏళ్ళు. రెండేళ్ళ వయసులో తిరుపతి నుంచి తీసుకెళ్ళాం.

అక్కడ విన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు. యూనివర్సిటీ స్నేహితులు, ఒక కమ్యూనిటీ రేడియోలో పాటలు వేసే ఆయన, మా ఆఫీసువాళ్ళు, అందరూ దాదాపు ఒకే మాట అన్నారు: క్వర్కీగా ఉంది అని. నాకు ఆ మాట మీద చాలా రోజులు మనసు నిలవలేదు. తెలుగులో దానికి ఏం చెప్పాలి? వింత అంటే దూరంగా పెట్టినట్టుంటుంది, తిక్క అంటే తిట్టినట్టుంటుంది. ‘చిత్రంగా ఉంది’ అంటే కొంచెం దగ్గరపడుతుందేమో. వాళ్ళు మంచిగానే అన్నారు, నాకు తెలుసు. కానీ పిల్ల ముఖంలో సంతోషం రెండు రోజులకే తగ్గిపోయింది. అడిగితే, “అమ్మా, అందరూ కొత్తగా ఉందంటున్నారు, ఏం విన్నారో ఎవరూ చెప్పట్లేదు” అంది. మా పక్కింటి గ్రీకు పెద్దావిడ ఒక్కతే జోలపాట రెండోసారి పెట్టించుకొని, ఇది పాడిన మనిషి పిల్లను ఒళ్ళో కాదు, కాళ్ళ మీద పడుకోబెట్టుకొని ఊపుతున్నట్టుంది అంది. నిజంగానే మా అమ్మ అలాగే ఊపుతుంది. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు.

ఇక్కడ ఒక పాత విషయం చెప్పాలి. మెల్‌బోర్న్‌లో శనివారం శనివారం కర్ణాటక సంగీతం క్లాసుకు పంపేదాన్ని, ఆరేళ్ళ వయసు నుంచి. 13 ఏళ్ళప్పుడు వార్షికోత్సవానికి ఒక కీర్తనకు తనే కీబోర్డు వాయించుకుంటూ పాడతానంది. క్లాసు నడిపేవాళ్ళు స్టేజీ ఎక్కనివ్వలేదు. మన సంస్కృతిని ఇక్కడ కాపాడటానికి ఇంత కష్టపడుతుంటే పిల్లలే కలగాపులగం చేస్తే ఎలా అన్నారు, అందరి ముందూ. నేను ఆరోజు పిల్ల పక్కన నిలబడలేదు. వాళ్ళు చెప్పిందే సరైనదనుకున్నాను, కారులో ఇంటికొచ్చేటప్పుడు కూడా అదే చెప్పాను. తర్వాతి వారం నుంచి తను క్లాసుకు వెళ్ళలేదు. ఇంట్లో మళ్ళీ పాడటం నేను విన్నది ఇంకో నాలుగేళ్ళకు, అదీ తలుపు వేసుకొని. ఆ నాలుగేళ్ళ గురించి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

అందుకే మేలో తిరుపతి వచ్చినప్పుడు ఈ ఆల్బమ్ ఇంట్లో వినిపిస్తానంటే నాకు విపరీతమైన టెన్షన్. మా అత్తగారి ఇల్లు బైరాగిపట్టెడలో. అత్తగారు, మామగారు, బావగారు, తోడికోడలు, వాళ్ళబ్బాయి, ఎదురింట్లో ఉండే రిటైరైన సంగీతం టీచర్ మేడమ్, అందరూ సాయంత్రం హాల్లో కూర్చున్నారు. సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి విగ్రహాన్ని రోడ్డు మధ్యలో నిలబెట్టుకున్న ఊరు. పిల్లను మళ్ళీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాను, ఈసారి ఏమన్నా అంటే ఊరుకోకూడదని గట్టిగా అనుకొని.

అన్నారు. చాలానే అన్నారు.

ర్యాప్ పాట మొదలైన అర నిమిషానికి మా బావగారి అబ్బాయి పకపకా నవ్వాడు. ‘నా కళ్ళు’ అని తను రాసుకున్నది ‘నా కల్లు’ అయిపోయింది. పిల్లకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. అత్తగారు మనవణ్ణి ఒక్క కసురు కసిరి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, నాలుక మడిచి పైకి ఆనించు అమ్మణ్ణీ అని ‘ళ’ పలికించారు, ఒక పది సార్లు. పంబ పాట వచ్చేసరికి బావగారు లేచి నిలబడ్డారు. అమ్మవారి పంబను తీసి డాన్సు పాటలో పెడతారా, జాతరలో ఆ చప్పుడుకు మనుషులకు పూనకం వస్తుందమ్మా, ఆట వస్తువు కాదది అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది, ఆ భయాన్ని నేను తీసిపారేయలేను, ఎందుకంటే గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ అంటే ఈ ఊళ్ళో ఇంటి మనిషితో సమానం. దానికి అత్తగారే అడ్డం పడ్డారు. “నువ్వు ఏటేటా వేషం కట్టి వీధుల్లో ఎగరలేదా, ఆ డప్పుల్లో సినిమా పాటలు వాయించలేదా, అప్పుడు అమ్మకు కోపం రాలేదే” అన్నారు. బావగారు వెంటనే ఒప్పుకోలేదు. కానీ మర్నాడు పొద్దున పిల్లను పిలిచి, పంబ మొదలయ్యే ముందు కాసేపు ఏ చప్పుడూ లేకుండా వదిలిపెట్టు, దానికొక మర్యాద ఉంటుంది అని చెప్పారు. అది మంచి సలహా. సంగీతపరంగా కూడా మంచి సలహా అని తను నాతో అంది.

నేను ఎక్కువ భయపడింది కీర్తన గురించి. మేడమ్ కళ్ళు మూసుకొని విన్నారు, అయిపోయాక మళ్ళీ పెట్టమన్నారు. నేను ఇక మొదలవుతుందనుకున్నాను, బాణీ మార్చావా, పియానో ఏంటి అని. ఆవిడ బాణీ గురించి ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత నేనే ఉండబట్టలేక అడిగితే చెప్పారు: అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు, ఆయన కీర్తనలు కొండమీద సంకీర్తన భండారంలో రాగిరేకుల మీద దొరికాయి, ఆ రేకుల్లో రాగం పేరు ఉంటుంది కానీ స్వరాలు ఉండవు, మనం ఇప్పుడు పాడుకునే బాణీల్లో చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, బాలకృష్ణప్రసాద్ గారు లాంటివాళ్ళు గత శతాబ్దంలో కట్టినవి, కాబట్టి కొత్త బాణీ కట్టడం తప్పనే హక్కు నాకు లేదు అని. అన్నమయ్య మాత్రం ఏం చేశాడు, ఆడవాళ్ళు దంచుతూ పాడుకొనే సువ్విపాటలు, జాజరలు, గొబ్బిపాటలు, లాలిపాటలు అన్నీ తీసుకొని స్వామికి పాడలేదా అన్నారు. 21 ఏళ్ళ పిల్లకు ఈ మాటలు ఒక పెద్దావిడ నోట వినపడాలని నేను ఎంతగా కోరుకున్నానో, వినేదాకా నాకే తెలియదు.

కానీ వదిలిపెట్టలేదు ఆవిడ. “రెండో చరణంలో ఒక మాటను మధ్యలో విరిచి, సగం ఈ తాళం ఆవృత్తంలో సగం తర్వాతి ఆవృత్తంలో వేశావు. అక్కడ అలమేలుమంగ స్వామిని దెప్పుతా ఉంది. నువ్వు విరిచిన చోట అది బతిమాలుకున్నట్టు అయింది. ఆమెకు కోపమమ్మా, ఏడుపు కాదు. నీ పియానో ఏడుస్తా ఉంది” అన్నారు.

పిల్ల నోరు తెరుచుకొని వింటోంది. ఈ పాట మీద మెల్‌బోర్న్‌లో కనీసం ఒక వంద మంది మంచి మాటలు చెప్పుంటారు, దాంట్లో ఉన్న ఆడమనిషి కోపంగా ఉందని ఎవరూ చెప్పలేదు. అర్థం తెలియదు కాబట్టి వాళ్ళను తప్పు పట్టను. నాకు తెలుసు కదా, నేనెందుకు చెప్పలేదు? మన పిల్ల మన భాషలో పాడిందనే మురిసిపోయి, ఏం పాడిందో వినలేదు నేను. ఆ రాత్రి ఇద్దరూ మేడమ్ ఇంట్లో పదకొండు దాకా కూర్చొని ఆ చరణం మాట మాటా విడదీసుకున్నారు. నేను భోజనానికి రెండుసార్లు పిలిచి, ఊరుకున్నాను.

అలిపిరి మెట్ల పాట గురించి మామగారు ఒక్కరే మాట్లాడారు. మాటలేమీ ఉండవు దాంట్లో, మెట్లెక్కేవాళ్ళ ఆయాసం, మధ్యలో ఎవరో గోవిందా అని అరవడం, ఆ ఊపిరి లయ మీదే మిగతా వాయిద్యాలు. 3,550 మెట్లు మోకాళ్ళ నొప్పులు వచ్చేదాకా ఏడాదికి నాలుగైదు సార్లు ఎక్కిన మనిషి ఆయన. ఇది గాలిగోపురం చేరేలోపే రికార్డు చేసినట్టుందే, పైన మోకాళ్ళ పర్వతం దగ్గర ఊపిరి ఇంకోలా ఉంటుంది అన్నారు. నిజమే, పిల్ల గాలిగోపురం దాటి పోలేదు ఆరోజు.

తర్వాతి వారం నగరి వెళ్ళాం, మా అమ్మ దగ్గరికి. నా పుట్టిల్లు. వీధిలో అడుగుపెడితే మరమగ్గాల చప్పుడు, పొద్దున్నుంచి రాత్రిదాకా. పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఆ చప్పుడులోనే నిద్రపోయేది, మగ్గాలు ఆగితే లేచి ఏడ్చేది.

అమ్మ తన జోలపాట తను విని, “చిత్రంగా ఉండాదే, నా గొంతేనా ఇది” అంది. మెల్‌బోర్న్‌లో ఒకతను ఈ పాటలో భాషను తనే కల్పించిందా అని అడిగాడని పిల్ల చెప్తే అమ్మకు అర్థమే కాలేదు. ఒక లైను తెలుగు, ఒక లైను తమిళం, కొన్నిచోట్ల ఒకే లైనులో రెండూ. “కల్పించేదేంది? మా అమ్మ ఇట్లే పాడింది. అరవం కొంచెం, తెలుగు కొంచెం, బిడ్డ నిద్రపోతే చాలు కదా” అంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, తర్వాత 1960లో సరిహద్దులు సర్దుకున్నప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రం వైపు పోయింది, మేం ఆంధ్ర వైపే ఉన్నాం. ఇళ్ళల్లో మాట మాత్రం ఎవరూ పంచుకోలేదు. ఇవన్నీ నేను పిల్లకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. రెండు దేశాల మధ్య పెరిగింది కాబట్టి ఇలా కలిపేస్తోందని నేను అనుకుంటూ వచ్చాను, అదేదో విదేశం వెళ్ళడం వల్ల వచ్చిన లోటులాగా. మా అమ్మ పాస్‌పోర్టు కూడా లేని మనిషి. ఆమె పాటే రెండు భాషల్లో ఉంది.

మా అన్న చివర్లో వచ్చాడు, షెడ్డులో పని ముగించుకొని, ఒంటిమీద దూదిపింజలతోనే. ఆ జోలపాట వెనకాల ఉండే చప్పుడు అన్న షెడ్డులో మగ్గానిదే. ఆ లయ గురించి అక్కడ చాలా పొగిడారు. రెండో దెబ్బ కొంచెం ఆలస్యంగా పడుతుంది, ఆ ఆలస్యమే పాటకు ఊపునిచ్చిందని, చాలా తెలివిగా చేసిందని రేడియో ఆయన ప్రత్యేకంగా చెప్పాడు. ఎంతో మంది మెచ్చుకున్న విషయాల్లో పిల్లకు నచ్చిన మాట అదొక్కటే.

అన్న పావు నిమిషం విని స్పీకరు వైపు వంగాడు. “ఇది మూడో మగ్గం. ఎడమ పక్క పట్టీ వదులైపోయింది, అందుకే దారాన్ని అటూ ఇటూ మోసే నాడె లేటుగా పోతా ఉంది. అప్పట్లో దీని మీద బట్ట ఊరికే చెడిపోయేది. నువ్వు రికార్డు చేసుకుంటా ఉన్నప్పుడే నాకు చెప్పుంటే బిగించి ఇచ్చేవాణ్ణి కదమ్మా” అన్నాడు, ఎంతో బాధపడుతూ, మేనకోడలికి చెడిపోయిన సరుకు ఇచ్చి పంపించినట్టు.

పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మామా, ఇప్పుడు అది బాగైందా?” అని అడిగింది. బాగైంది, మరుసటి నెలలోనే పట్టీ మార్పించాను అన్నాడు. చూపిస్తావా అంది. ఇద్దరూ షెడ్డులోకి పోయారు, నేనూ వెనకే. అన్న మగ్గం ఆన్ చేసి, ఇటు వినూ, ఇప్పుడు అటు వినూ అని చూపించాడు. రెండు దెబ్బలూ సమానంగా పడుతున్నాయి. తర్వాత పట్టీ వదులు చేసి మళ్ళీ నడిపి, ఎంత వదులైతే ఎంత ఆలస్యం అవుతుందో కొంచెం కొంచెంగా మార్చి వినిపించాడు. ఆ చెవి ఉన్న మనిషి మా ఇంట్లో ఉన్నాడని, అతని పక్కనే పెరిగిన నాకు తెలియలేదు. దారాలు తెగుతాయని మా వదిన అరుస్తూనే ఉంది. పిల్ల రికార్డరు పట్టుకొని నేల మీద కూర్చుంది.

వెనక్కి వచ్చాక కీర్తన మళ్ళీ పాడింది, రెండో చరణం సరిచేసి. పియానో తీసేసింది, ఇంకా ఏం పెట్టాలో తేలలేదు. ‘కళ్ళు’ ఇప్పుడు కళ్ళే. పంబకు ముందు నాలుగు సెకన్లు నిశ్శబ్దం పెట్టింది. మగ్గం మాత్రం ముట్టుకోలేదు, ఆ పాటలో రెండో దెబ్బ ఇప్పటికీ ఆలస్యంగానే పడుతుంది. అన్న ఫోను చేసినప్పుడల్లా అడుగుతాడు, బాగైన మగ్గం చప్పుడు పంపించాను కదా, ఇంకా మార్చలేదా అని. పాటలో పెట్టుకోవడానికి ఆ పాత చప్పుడే కావాలని పిల్ల ప్రతిసారీ ఓపికగా చెప్తుంది. సరేలే నీ ఇష్టం అంటాడు, మళ్ళీ మర్నాడు మూడో మగ్గం ఎలా నడుస్తోందో ఇంకో రికార్డింగు వాట్సాప్‌లో పంపిస్తాడు.