గుడికి పంపితే చాలనుకున్నాను

"అది నాకిచ్చింది స్కూల్ ఫ్రెండ్స్ కాదమ్మా, గుడి క్లాసులో నా పక్కన కూర్చుని శ్లోకాలు చెప్పేవాడే" అన్నాడు మా పెద్దోడు. వాడి బ్యాగులో వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) దొరికిందని స్కూల్ నుంచి ఫోన్ వచ్చిన రాత్రి. పదిహేనేళ్లవాడు, వణికిపోతున్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట "ఇన్నేళ్లు గుడికి తీసుకెళ్లింది ఇందుకేనా?" అని. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఆటలు మానిపించి మరీ ప్రతి ఆదివారం తీసుకెళ్లాను. వాణ్ని దింపి నేను సరుకులకు పోయేదాన్ని. ఇంట్లో దీపం మాత్రం పండగలకే.

ఆ తర్వాత నిద్రపట్టక చాలా చదివాను. 1969లో హిర్షి, స్టార్క్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో హైస్కూల్ పిల్లల గురించి రాశారు. చర్చికి వెళ్లేవాళ్లు, వెళ్లనివాళ్లు అన్న తేడా వాళ్ల తప్పుడు పనుల్లో కనిపించలేదట. తర్వాత స్టార్కే ఇంకో మాట చేర్చాడు: చుట్టూ ఉన్న మనుషులంతా భక్తిలో ఉన్నచోట ఆ ప్రభావం కనబడుతుందని. 2001లో మరో ఇద్దరు 60 అధ్యయనాలను కలిపి చూసి, మతం తప్పుల్ని ఓ మోస్తరుగా తగ్గిస్తుందని తేల్చారు.

స్టార్క్ మాట దగ్గర నాకు మా నల్గొండ వైపు చెర్వుగట్టు, గుట్ట మీది రామలింగేశ్వరుడి గుడి గుర్తొచ్చింది. మాది నార్కట్‌పల్లి పక్క ఊరు. మా అన్న పదో తరగతిలో నాయన జేబులో డబ్బులు తీసుకుని నల్గొండకు సినిమాకు పోయాడు. బస్టాండులో చూసిన మా ఊరి గౌండ్ల తాత సాయంత్రానికల్లా ఇంటికొచ్చి చెప్పాడు. నాయన కొట్టలేదు. అమావాస్యకు అన్నను గట్టుకు తీసుకెళ్లి, రాత్రంతా జనం మధ్యలో వాడి పక్కనే పడుకున్నాడు. ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో అన్న ఇప్పటికీ చెప్పడు. మళ్లీ మాత్రం ఎవరి జేబూ ముట్టలేదు.

అన్నను మార్చింది రామలింగేశ్వరుడా, గౌండ్ల తాత కళ్లా, పక్కన పడుకున్న నాయనా? నాకు తేలడం లేదు. ఇప్పుడు మేముంటున్న చోట ఆ కళ్లు లేవని సర్దిచెప్పుకుందామంటే, అవన్నీ ఉన్న మా ఊళ్లో చెడిపోయినవాళ్లు లేరా? 41 రోజులు అయ్యప్ప మాలలో చుక్క ముట్టనివాళ్లు మాల తీసిన మర్నాడే కల్లు దుకాణం ముందు కూర్చోవడం నేను చూసినదే.

పిల్లల్ని క్లాసుకు పంపి ఊరుకోకండి, పక్కన కూర్చోండి అని సాటి తల్లులకు చెప్పాలని ఇది మొదలుపెట్టాను. పోయిన ఆదివారం నేనూ కూర్చున్నాను. వాడు ఒక శ్లోకానికి అర్థం అడిగాడు. చిన్నప్పటి నుంచీ నేను చదివే శ్లోకమే. చెప్పలేకపోయాను.

వచ్చే వారం రానన్నాడు. బలవంతం చేయనని మాటిచ్చాను. అయినా ఈ రాత్రి వాడి లాల్చీ ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను.