టార్లింగ్ పొయ్యిల లెక్క: మూడో వారం

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో టెర్లింగ్ అని రాసి టార్లింగ్ అని పిలిచే ఊరు ఒకటుంది. ఆ ఊరి 1671 పొయ్యి పన్ను జాబితాను ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాను. ఈ వారంతో 122 ఇళ్లూ ఎక్కేశాయి.

పొయ్యి అంటే వంటపొయ్యి ఒక్కటే కాదు, గదిలో చలి కాచుకునేదీ లెక్కే. రెండో చార్లెస్ ఖజానాకి డబ్బు చాలక 1662లో పెట్టిన పన్ను ఇది. పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. మార్చి 25కి సగం, సెప్టెంబర్ 29కి సగం. కానిస్టేబుల్‌ని వెంటేసుకుని ఇంట్లోకి వచ్చి మరీ లెక్కపెట్టేవాళ్లు. జనం ఎంతలా తిట్టుకున్నారంటే, 1689లో విలియం, మేరీ గద్దెనెక్కగానే ఎత్తేశారు.

మొదటి వారమంతా చేతిరాతతోనే సరిపోయింది. ఆ కాలపు జాబితాల్లో అంకెలు తరచుగా రోమన్‌లో ఉంటాయి. నాలుగంటే నాలుగు నిలువు గీతలు. చివరి గీతను కిందికి లాగి తోకలా వదులుతారు. ప్రాక్టీసుకి తీసుకున్న వేరే ఊరి జాబితాలో ఆ తోకను అలంకారం అనుకుని నాలుగున్న చోటల్లా మూడే వేశాను. మళ్లీ మొదటికి!

ఈ వారం ఇంకో ఘనకార్యం. పేర్ల కాలమ్ ఒక్కటే సార్ట్ చేశాను, పొయ్యిల కాలమ్ కదల్లేదు. ఓ వితంతువు పక్కన పెద్ద బంగళా పొయ్యిలన్నీ వచ్చి కూర్చుంటే గాని తెలియలేదు. ఇప్పుడు మొదటి కాలమ్‌లో వరస నంబరు వేస్తున్నాను. స్పెల్లింగ్ ఎలా ఉంటే అలాగే ఒక కాలమ్‌లో, సరిచేసింది పక్క కాలమ్‌లో.

ఒక్క పొయ్యి ఇళ్లు 62. రెండు పొయ్యిలవి 21, మూడు నుంచి ఐదు 29, ఆరూ ఆపైన 10. ఇంటికి 4.75 మంది చొప్పున వేస్తే ఊరి జనాభా 580 దాకా వస్తుంది.

ఏడాది అద్దె విలువ 20 షిల్లింగులు దాటని ఇళ్లలో ఉండే పేదలకు మినహాయింపు ఉండేది. పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లన్నమాట. కానీ 1664 సవరణ తర్వాత రెండుకు మించి పొయ్యిలుంటే ఎంత పేదైనా కట్టాల్సిందే. పొయ్యిల సంఖ్య చూసి ఆస్తి అంచనా వేయడం నాకు అందుకే మింగుడుపడదు. పెద్ద ఇల్లు మిగిలి, సంపాదన పోయినవాళ్లు ఉండరా?

వచ్చే వారం ఈ పేర్లను చర్చి రిజిస్టర్లతో సరిచూడాలి. తండ్రికీ కొడుక్కీ ఒకటే పేరు పెట్టుకునే అలవాటు వీళ్లది, అదే టెన్షన్.