గాజుల మెరుపు, అమ్మమ్మ ముడతలు

డిగ్రీలో ఫోటోగ్రఫీ పేపర్ తీసుకున్నప్పుడు, ఫోన్‌లో బాగానే తీస్తాను కదా, మార్కులు ఊరికే వస్తాయి అనుకున్నా. మొదటి ప్రాక్టికల్ చార్మినార్ పక్కనే లాడ్ బజార్‌లో. రాళ్ల గాజులు, పైన ధగధగలాడే బల్బులు. 40 ఫోటోలు కొట్టి గర్వంగా ల్యాబ్‌లో ఓపెన్ చేస్తే, మెరుపు ఉండాల్సిన చోట ఉత్త తెల్ల మచ్చలు.

సార్ తిట్టలేదు. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) తెరిచి, కుడి అంచుకి గుద్దుకుని ఆగిపోయిన గీత చూపించారు. "ఇక్కడ డేటానే లేదమ్మా, ఏ స్లైడర్ తిప్పినా రాదు." నేను తీసిన జేపెగ్‌లో, అంటే కుదించిన మామూలు ఫోటో ఫైల్‌లో, ఒక్కో రంగుకి 256 వెలుగు మెట్లేనట, కెమెరా సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే 14 బిట్ల రా ఫైల్‌లో అయితే 16,384. నా పక్కమ్మాయి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి, రాలో తీసింది. నీడలు కాస్త పైకి లేపేసరికి గాజు మీద ఒక్కో రాయి విడివిడిగా కనిపించింది. కుళ్లుకున్నాను, అబద్ధమెందుకు.

ఎడిటింగ్ మొదలయ్యాక మాత్రం పిచ్చెక్కింది. అమ్మమ్మ ఫోటో పెట్టుకుని హీలింగ్ బ్రష్‌తో రెండు గంటలు కూర్చుని ముడతలన్నీ తుడిచేశా. చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "ఎవరే ఈవిడ, మీ ఫ్రెండ్ వాళ్లమ్మా?" అంది.

అదృష్టం, అసలు ఫోటో మీద వేరే లేయర్‌లో, అంటే విడి పొరలో చేశా. దాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ముడతలన్నీ తిరిగొచ్చాయి, అమ్మమ్మ కూడా. ఇప్పుడు ముక్కుపుడక మీద కాస్త వెలుగు పెంచి, వెనక గోడకున్న మేకు ఒక్కటే తీసేశా. సోమవారం సబ్మిషన్. టెన్షన్‌గానే ఉంది.