బెంగళూరులో డెంగీ మ్యాప్ గీయడం: నా అనుభవం

డెంగీ కేసులు మ్యాప్ మీద పెట్టడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. కష్టమంతా అడ్రసు దగ్గరే. మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు ల్యాబ్‌లో ఆధార్ చూపిస్తారు, జాబితాలోకి కడప, అనంతపురం అడ్రసులు వచ్చేస్తాయి. బెంగళూరు అడ్రసే ఉన్నా తిప్పలు తప్పవు. '5వ మెయిన్, 3వ క్రాస్' లేని లేఅవుట్ ఏది? కంప్యూటర్‌కి వదిలేస్తే చుక్క వేరే పేటలో పడుతుంది. అందుకే ప్రతి పేషెంటుకీ ఫోన్ చేస్తాను. రాత్రి పడుకునే చోటూ, పగలు ఉండే చోటూ రెండూ అడుగుతాను. డెంగీని మోసే ఏడిస్ పగటి దోమ. ఆఫీసులోనో, బిల్డింగ్ కట్టే సైటులోనో కుట్టి ఉండొచ్చు. వాట్సాప్ లొకేషన్ అయితే ఇంటికి వెళ్లాకే పంపమనాలి.

అదే ఫోన్లో జ్వరం మొదలైన తేదీ రాసుకోవాలి. రిపోర్టు తేదీ పనికిరాదు. డెంగీ ఎన్ఎస్1 పరీక్షలో మొదటి రోజుల్లోనే తేలుతుంది, ఐజీఎం పరీక్షలో సాధారణంగా ఐదో రోజు దాటాకే. ఒకే మనిషి రెండూ చేయించుకుంటే రెండు కేసులుగా నమోదవుతుంది. ఫోన్ నంబరుతో పాటు వయసూ చూసి ఏరేయాలి, ఎందుకంటే ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇస్తారు. 05/07 అని కొడితే ఎక్సెల్ ఒక్కోసారి మే 7 చేసేస్తుంది. బెంగళూరు అక్షాంశం 12.97, రేఖాంశం 77.59 తారుమారైతే చుక్క ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.

వార్డుల వారీ లెక్క నేను నమ్మను. హద్దులు మారుతూనే ఉన్నాయి, దోమకు వాటితో పనీ లేదు. అది సాధారణంగా ఒకటి రెండు వందల మీటర్లు దాటదు కాబట్టి ప్రతి చుక్క చుట్టూ 200 మీటర్ల వృత్తం గీస్తాను. ఒకే వీధిలో రెండు మూడు రోజుల తేడాతో వచ్చిన జ్వరాలు చాలావరకు ఒకే మూలం నుంచి వచ్చినవి. రెండు మూడు వారాల తేడా ఉంటే, దోమలో వైరస్ పెరగడానికి 8 నుంచి 12 రోజులు, మనిషిలో బయటపడడానికి 4 నుంచి 10 రోజులు కలిపి చూడండి: రోగం అక్కడే చేతులు మారుతోందన్న అనుమానం బలపడుతుంది. ముందు వెళ్లాల్సింది ఆ వీధికే.

వెళ్లినవాళ్లు సంపు, డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక ట్రే, కొబ్బరి చిప్పలు చూస్తారు. 60 ఇళ్లలో 9 పాత్రల్లో లార్వా కనిపిస్తే బ్రెటో సూచీ (వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రల లెక్క) 15. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటిమట్టం పైన అంచుకు అంటుకుని నెలల తరబడి నీళ్లు లేకపోయినా బతుకుతాయి, బ్రష్‌తో తోమాల్సిందే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనక వారంలోపే మళ్లీ అదే వృత్తంలో తిరగాలి.

కాలనీ గ్రూపుకి పంపే మ్యాప్‌లో మాత్రం ఇంటి చుక్కలు ఉంచను, వీధికి రంగు వేసి పంపుతాను.