గంగమ్మ జాతర అంబలి: పుల్లదనం కుదిరేదెట్లా

తిరుపతి గంగమ్మ శ్రీవారి చెల్లెలు. అందుకే జాతరకు అన్నగారి తరపున టీటీడీ సారె పంపుతుంది. అవిలాల గ్రామం నుంచి పుట్టింటి పసుపు కుంకుమ వస్తుంది. ఊళ్లోనూ అంతే, ఆడబిడ్డలు పుట్టింటికి చేరతారు, వాకిట్లో అంబలి కుండ వెలుస్తుంది.

ముందురోజు సాయంత్రమే గ్లాసు రాగిపిండిని రెండు గ్లాసుల నీళ్లలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టాలి. మే ఎండలకు పన్నెండు గంటలు చాలు. అంతకు మించితే పులుపు ముదిరి పిల్లలు ముట్టరు. తెల్లారి అరగ్లాసు బియ్యపు నూకను నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, పులిసిన పిండిని సన్నగా పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పాలి. పొడిపిండి నేరుగా వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. పదిహేను నిమిషాలకు పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది.

అసలు తప్పు జరిగేది ఇక్కడే: వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోతుంది. పూర్తిగా చల్లారాకే మూడు నాలుగు గ్లాసుల మజ్జిగ, ఉప్పు కలపండి. చల్లారితే చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడే పలచగా ఉంచండి. తరిగిన ఎర్రగడ్డలు మాత్రం అంబలి తాగడానికి పోసే ముందే వేయాలి, ముందుగా కలిపితే కుండంతా వాసన పడుతుంది.

మొదటి చెంబు అమ్మవారికి. తర్వాత వీధిలో ఎవరొచ్చినా పోయాల్సిందే, వావి వరస అడగరు.