పెద్దదానికి పాత చీరల బొంత, సగం అయింది

పిల్లలు సంపాదించుకోవడం మొదలెట్టాక ఏం కొనిచ్చినా "అమ్మా, ఇది నా దగ్గర ఉంది కదే" అంటారు, పట్టుచీర కొంటే బీరువాలోకి, వెండి గ్లాసు కొంటే లాకర్లోకి. ఏటికొప్పాక బొమ్మలు ఇద్దామా అనుకున్నా, అంకుడు కర్ర మీద ఆ లక్క రంగులంటే నాకు భలే ఇష్టం, కానీ హైదరాబాద్ ఫ్లాట్లో వాటి దుమ్ము ఎవరు తుడుస్తారు? అందుకే ఈసారి బొంత. ఏసీ వేసుకుని వణుకుతూ పడుకునే పిల్లకి రోజూ పనికొస్తుంది.

లెక్క చూసుకోండి. చీర అయిదున్నర మీటర్లు అంటే సుమారు 18 అడుగులు. 7 అడుగుల చొప్పున రెండు ముక్కలు కోస్తే రెండు పొరలు వచ్చేస్తాయి, మిగిలిన 4 అడుగులు అంచు పట్టీలకీ దిండు గలీబుకీ. వెడల్పు చీర పన్నాయే, ఒక్కరికి చాలు. రెండు చీరలు, నాలుగు పొరలు, అంతే. మూడో చీర వేస్తే సూది దిగడం కష్టం, పైగా మన వైజాగ్ తేమలో ఉతికితే ఎప్పటికి ఎండాలి.

చీరలు మాత్రం నూలువే తీసుకోండి, పాలిస్టర్ కలిసినవి పొరల మధ్య జారిపోతాయి. లోపలికి వెంకటగిరిది వేశా, మెత్తగా ఉంది. పైకి మంగళగిరి, దాని జరీ అంచు కోసేశా, మెడకి గీరుకుంటుందని. గంజి పూర్తిగా పోయేదాకా వేడినీళ్ళలో నానబెట్టి ఉతకాలి, లేకపోతే కుట్టేటప్పుడు సూది బిగుసుకుపోతుంది. ముదురు రంగులైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటిందంటే ఆ చీర పక్కన పెట్టేయండి.

ఇక కుట్టు. పొరలన్నీ నేల మీద పరిచి, ముడతలు చేత్తో తోసి, ముందు మధ్యలోంచి నాలుగు వైపులకీ పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి, అంచు నుంచి మొదలెడితే గుడ్డంతా మధ్యలో ఉబ్బిపోతుంది. తర్వాత అంగుళం ఎడంలో నిలువు వరసలు, అవి కూడా మధ్య నుంచి బయటికే. దారం లావు నూలుది, పూర్ణా మార్కెట్ వైపు దొరికింది, మూరెడు మూరెడుగా తెంపి కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే చిక్కుపడదు. సూదులు ఈ సముద్రం గాలికి ఇట్టే తుప్పుపడతాయి, కొబ్బరినూనె రాసిన గుడ్డలో గుచ్చి డబ్బాలో పెడుతున్నా, తుప్పు సూదితో కుడితే గుడ్డకి మరక అంటుకుంటుంది మరి.

పక్కింటావిడ చూసి "ఏటి వదినా, మిషన్ మీద కుట్టించేయొచ్చు కదా" అంది. కుట్టించొచ్చు, కానీ మిషన్ కుట్టుకి బొంత అట్టలా బిర్రుగా అయిపోతుంది, చేతి కుట్టుకి ఆ మెత్తదనం ఉంటుంది. సాయంత్రం సీరియల్ టైంలో రెండు మూడు వరసలు సాగుతున్నాయి.

ఇంక కుడి సగం, అంచు పట్టీ ఉన్నాయి. అయ్యాక కొరియర్ ఎందుకు, ఆయన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళేటప్పుడు ఇచ్చేస్తా. చిన్నోడేమో ఫోన్లో "మరి నాకు?" అంటున్నాడు. వాడికి వాళ్ళ నాన్న పాత లుంగీలు తీసిపెట్టా, కానీ లుంగీ రెండు మీటర్లే కదా, ఆరడుగుల మనిషికి చాలీచాలనట్టు ఉంటుంది, ఈ చీరల మిగులులోంచి ఓ పట్టీ జోడించాలి.